మేనరికపు ఇళ్ళు చూపించిన జన్యువు

అమలాపురం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మన కోనసీమలో మేనరికాలు కొత్త కాదు. పిల్ల పరాయింటికి పోదని, పొలం చెయ్యి దాటదని ముచ్చటపడి చేసుకున్నవే చాలా. అలాంటి ఇంట్లో బిడ్డకి జబ్బొస్తే మాత్రం నింద తల్లి మీద పడేస్తారు. అది విన్నప్పుడల్లా నాకు కడుపు మండిపోతుంది. అందుకే ఈ ఉత్తరం.

ఆల్కాప్టోన్యూరియా అని చాలా అరుదైన జబ్బు ఒకటుంది. పసిబిడ్డ తడిపిన గుడ్డ గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది, సబ్బు పెడితే మరీను. చిన్నప్పుడు వేరే బాధేమీ ఉండదు. ముప్పై దాటాక నడుము, మోకాళ్ళు పట్టేస్తాయి. తిండిలోని మాంసకృత్తుల నుంచి వచ్చే టైరోసిన్ అనే పదార్థాన్ని మన ఒళ్ళు అంచెలంచెలుగా విరగ్గొట్టాలి. అందులో ఒక అంచెలో ఆ విరగ్గొట్టే పని చేసే ఎంజైమ్ అనే ప్రోటీన్ పనిచెయ్యదు. లాకు తలుపులు బిగుసుకుపోతే కాలవలో నీళ్ళు ఎగువన నిలిచిపోయినట్టు, హోమోజెంటిసిక్ ఆమ్లం పేరుకుపోతుంది. కొంత మూత్రంలో పోతుంది, కొంత కీళ్ళలో పట్టి వాటిని నల్లగా, పెళుసుగా చేస్తుంది.

లండన్ డాక్టరు ఆర్చిబాల్డ్ గారోడ్ 1902లో దీని గురించి రాస్తూ, ఈ బిడ్డల తల్లిదండ్రుల్లో చాలామంది దగ్గరి చుట్టాలేనని గమనించాడు. లక్షణాలు తల్లిదండ్రుల నుంచి పిల్లలకి ఎలా వస్తాయో బఠాణీ మొక్కల మీద మెండెల్ అనే ఆయన కట్టిన లెక్క ఇక్కడ సరిపోయింది. పాడైన జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తేనే జబ్బు. ఒక్కటే ఉన్నవాళ్ళు నిక్షేపంగా ఉంటారు, ఆ సంగతే వాళ్ళకి తెలియదు. అలాంటి ఇద్దరికి పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకవంతు. తల్లి ఒక్కదాని వల్ల ఇది రానే రాదు.

ఆ జన్యువు ఎక్కడుందో కనిపెట్టడానికి తొంభై ఏళ్ళు పట్టింది. 1993లో దారి చూపించినవీ దగ్గరి సంబంధాల కుటుంబాలే. జన్యువులు వరసగా ఉండే దారాల్లాంటివి క్రోమోజోములు, అవి జంటలుగా ఉంటాయి. ఒకే ముత్తాత నుంచి వచ్చిన క్రోమోజోమ్ ముక్క బిడ్డకి రెండు వైపుల నుంచీ చేరితే, ఆ మేర క్రోమోజోమ్ జంట అచ్చంగా ఒకేలా ఉంటుంది. జబ్బున్నవాళ్ళందరిలో అలా ఉన్న చోటు వెతికితే, మూడో క్రోమోజోమ్ మీద దొరికింది.

తర్వాతి సంగతి నాకు మరీ ఇష్టం. మాడ్రిడ్‌లో బూజు మీద పనిచేసే శాస్త్రవేత్తలు బూజులో ఇదే ఎంజైమ్ జన్యువుని పట్టుకున్నారు. దాన్ని తీసేస్తే బూజులోనూ అదే ఆమ్లం పేరుకుంది! దాని పోలికతో వెతికి, 1996 కల్లా మనిషి జన్యువులోని తప్పులు చూపించారు.

ఇప్పుడు నిటిసినోన్ అనే మందు ఆ ఆమ్లం తయారవకుండా బాగా తగ్గిస్తుంది. ఐరోపాలో 2020లో పెద్దవాళ్ళకి అనుమతి ఇచ్చారు. జన్యువు తెలిసిన జబ్బు ఇంట్లో ఉంటే, పెళ్ళికి ముందే రక్తపరీక్షతో ఎవరి దగ్గర ఉందో చూడొచ్చు. మీ ఇంట్లో మేనరికం మాట వస్తే, ముందు జెనెటిక్ కౌన్సెలింగ్‌కి, అంటే వంశంలో వచ్చే జబ్బుల గురించి డాక్టరు సలహాకి, వెళ్దామని మీరే అడగండి. పెద్దవాళ్ళు కసిరితే నా పేరు చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య