ఐఎన్ఆర్ పుస్తకం మీరు భద్రంగా దాచండి

శ్రీకాకుళం

పిల్లలూ,

గుండె వాల్వు ఆపరేషన్ అయిన పెద్దమ్మ, గుండెదడకు మందులు వాడే తాత, ఏళ్ల తరబడి అడ్డచుట్ట కాల్చి ఇప్పుడు నాలుగడుగులకే ఆయాసపడే మామ్మ. మన ఊళ్లలో ఇలాంటివాళ్లలో ఒకరైనా లేని ఇల్లు తక్కువ. నేను చాలా ఏళ్లు నర్సుగా పనిచేశాను. వీళ్లకు రక్తం గడ్డకట్టినా ముప్పే, కారడం మొదలై ఆగకపోయినా ముప్పే. ఆ రెంటి నడుమ వాళ్లను కాచుకోవాల్సింది ఎక్కువగా ఇంట్లోవాళ్లే. అందుకే డాక్టరుగారికి కాకుండా మీకు రాస్తున్నాను.

గుండె పై గదులు లయ తప్పకుండా ముడుచుకోవాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బులో అవి సరిగా ముడుచుకోక అదురుతుంటాయి. ఎండాకాలం నాగావళి పాయల్లో కదలని నీటికి నాచు పట్టినట్టు, ఎడమ పై గదికి ఆనుకుని ఉన్న చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి మెదడుకు పోతే పక్షవాతం. ఈ జబ్బున్నవాళ్లకు ఆ ముప్పు మామూలువాళ్లకంటే సుమారు 5 రెట్లు. లోహపు వాల్వు మీదా గడ్డ కడుతుంది. వాల్వులు పాడయ్యే జబ్బు చాలామందికి మీ వయసులోనే, గొంతునొప్పి తర్వాత వచ్చే కీళ్లవాతం జ్వరంతో మొదలవుతుంది. గొంతునొప్పి, జ్వరం వస్తే బడి మానాల్సి వస్తుందని దాచకండి.

ఊపిరితిత్తుల్లో చిక్కుకునే గడ్డ మాత్రం ఎక్కువగా కాలి లోపలి సిరల్లో పుడుతుంది. తుంటి విరిగి మంచం పట్టినవాళ్లు, ఆపరేషన్ అయి కదలనివాళ్లు జాగ్రత్త. ఎప్పటినుంచో ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్నవాళ్లలో దీన్ని పోల్చుకోవడం కష్టం. “ఆయాసం ఎప్పుడూ ఉన్నదే కదా” అని ఊరుకుంటారు. ఉన్నట్టుండి ఆయాసం పెరిగినా, ఊపిరి తీస్తుంటే ఛాతీలో పొడిచినా, ఒక కాలే వాచినా, కళ్లెలో రక్తం పడినా అది రోజూ ఉండే ఆయాసం కాదు. తెల్లారేదాకా ఆగకూడదు.

గడ్డకట్టకుండా ఇచ్చేవే వార్ఫరిన్, అసిట్రోమ్ మాత్రలు. వీటి పుట్టుక మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. 1920లలో అమెరికా, కెనడాల్లో బూజుపట్టిన ఒక రకం ఎండుగడ్డి తిన్న పశువులు రక్తం కారి చచ్చిపోయాయి. అందులోని పదార్థాన్ని విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ బృందం వేరుచేసింది. దాని నుంచి తయారైన వార్ఫరిన్‌ను ముందు ఎలుకల మందుగా అమ్మారు, 1954లో మనుషులకు అనుమతించారు. మోతాదు తప్పితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఐఎన్ఆర్ పరీక్ష. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో ఆ అంకె చెబుతుంది, పరీక్ష చేసినప్పుడల్లా దాన్ని రాసుకునేదే ఐఎన్ఆర్ పుస్తకం. ఈ మాత్ర వాడనివాళ్లకు ఆ అంకె 1 దగ్గర ఉంటుంది. వాడేవాళ్లకు చాలావరకు 2 నుంచి 3 మధ్య ఉంచుతారు, కొన్ని లోహపు వాల్వులకు ఇంకాస్త ఎక్కువ. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు మింగించకండి. గోంగూర, తోటకూర, మునగాకు మానక్కర్లేదు. కానీ ఒక వారం అసలు లేకుండా, మరో వారం రోజూ వండితే పరీక్ష అంకె అటూ ఇటూ ఊగుతుంది.

నాకు అన్నిటికంటే భయం నొప్పి మాత్రలంటే. మోకాళ్లు నొప్పని మందుల షాపుకు పోయి డైక్లోఫెనాక్ అడిగి తెచ్చుకుంటారు. రక్తం పలచబడే మాత్రకు అది తోడైతే కడుపులో పుండుపడి రక్తం కారుతుంది, విరేచనం తారులా నల్లగా అవుతుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేసిందో మీకు తెలుసు. ఆ కిడ్నీలకూ ఈ మాత్రలు చేటే. విరేచనాలకు వేసుకునే మెట్రోనిడజోల్ కూడా ఐఎన్ఆర్‌ను పెంచేస్తుంది. ఆర్ఎంపీ దగ్గర తుంటికి సూది వేయించుకుంటే కండలో రక్తం గూడుకట్టవచ్చు. కాబట్టి ఏ మందు కొనేముందైనా “మా తాత అసిట్రోమ్ వాడుతున్నాడు” అని షాపులో మీరే గట్టిగా చెప్పండి. పళ్లు తోముకుంటుంటే చిగుళ్లు కారినా, మూత్రం ఎర్రబడినా డాక్టరుకు చూపించాలి. కిందపడి తలకు దెబ్బ తగిలితే, పైకి గాయం లేకపోయినా, ఆసుపత్రికే. ఇవి చూసి భయపడి మాత్ర మీ అంతట మీరు ఆపేయకండి, గడ్డకట్టేది అలా ఆపినప్పుడే.

మూతి వంకరపోయి, చెయ్యి లేవక, మాట ముద్దగా వస్తే 108కి ఫోన్ చేయండి. పసరు మందు పోయించడానికి తీసుకెళ్తామంటే అడ్డుపడండి, పెద్దలు కసిరినా సరే. మింగలేని మనిషి నోట్లో నీళ్లు పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆస్పిరిన్ కూడా ఇవ్వకండి. మెదడులో గడ్డ అడ్డుపడిందో, నరం చిట్లి రక్తం కారిందో స్కాన్ తీస్తేనే తెలుస్తుంది, రెండింటికీ లక్షణాలు ఒకటే. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. ఆఖరుసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకోండి. ఐఎన్ఆర్ 1.7 దాటితే ఆ ఇంజెక్షన్ ఇవ్వరు. అందుకే పెద్దాసుపత్రిలో డాక్టరు కనబడగానే ఐఎన్ఆర్ పుస్తకం, మాత్రల అట్ట ఆయన చేతిలో పెట్టి, ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో చెప్పండి.

ఇట్లు,
మీ మామ్మ