అంబాసిడర్ మేనిఫోల్డ్ లీకు: షెడ్లలో వినిపించే అపోహలు, అసలు సంగతులు

2014లో తయారీ ఆగిపోయాక తిరుపతి రోడ్ల మీద అంబాసిడర్ కనబడటమే అరుదైపోయింది. ఉన్నవి చాలావరకు మోజుతో దాచుకున్న బండ్లే. వాటిలో పాత 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ బండి వచ్చి, ఓనరు "కార్బేటర్ ఎన్నిసార్లు ట్యూన్ చేయించినా ఐడ్లింగ్ నిలవలేదన్నా" (ఆక్సిలరేటర్ తొక్కకుంటే ఇంజిన్ నిలకడగా తిరగట్లేదు) అంటే నేను ముందు కార్బేటర్ ముట్టుకోను. మేనిఫోల్డు చూస్తాను. ఇంజిన్ పైభాగమైన హెడ్డులోకి గాలి, పెట్రోలు పంపే ఇన్‌లెట్ గొట్టాలు, పొగను బయటికి తెచ్చే ఎగ్జాస్ట్ గొట్టాలే మేనిఫోల్డు.

అపోహ: "టిక్ టిక్ అంటా ఉండాదంటే టాపెట్లే. అడ్జస్ట్ చేస్తే పోతాది."

టాపెట్లు (వాల్వులను తెరిచే భాగాలు) కావచ్చు, కాకపోవచ్చు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే గట్టిగా వినబడి, ఇంజిన్ వేడెక్కేకొద్దీ తగ్గితే మేనిఫోల్డునే అనుమానించాలి. మేనిఫోల్డు బీడు (పోత ఇనుము) వేడికి వ్యాకోచించి సందు కాస్త మూసుకుంటుంది, అంతే. లీకు పోయినట్టు కాదు. ఇంజిన్ ఆపి ఒక ప్లగ్గు వైరు తీసి, మళ్లీ స్టార్ట్ చేసి వినండి. అలా ఒక్కో సిలిండరూ చూస్తే, ఏది ఆపినప్పుడు శబ్దం మెత్తబడిందో లీకు దాని దగ్గరే. టాపెట్ శబ్దానికి ప్లగ్గుతో పని లేదు, కొట్టుకుంటూనే ఉంటుంది. ఫ్లాంజి (మేనిఫోల్డు హెడ్డుకు ఆనే చదునైన పట్టీ) అంచున నల్లటి మసి చార కనిపిస్తే ఇక సందేహమే అక్కర్లేదు.

అపోహ: "కొత్త ప్యాకింగ్ వేస్తే సరి."

ఎక్కువ బండ్లు మళ్లీ షెడ్డుకు వచ్చేది ఈ మాట నమ్మే. ఈ ఇంజిన్‌కు ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ హెడ్డుకు ఒకే పక్కన ఉంటాయి, రెండింటికీ కలిపి గాస్కెట్ (ప్యాకింగ్) ఒక్కటే. హెడ్డు నుంచి బయటికి ఉండే మర కడ్డీలను స్టడ్లంటారు. కొన్ని స్టడ్ల మీద మందపాటి పెద్ద వాషరు ఒకటి ఇటు ఇన్‌లెట్ ఫ్లాంజినీ అటు ఎగ్జాస్ట్ ఫ్లాంజినీ కలిపి నొక్కుతుంది. ఎగ్జాస్ట్ ఫ్లాంజి వంగిందని దాన్నొక్కదాన్నే లేత్ షాపులో ఫేసింగ్ చేయిస్తే, అంటే చదును చేయిస్తే, అది పలచబడుతుంది. అప్పుడు వాషరు మందంగా ఉన్న ఇన్‌లెట్ మీదే కూర్చుని వాలిపోతుంది, ఎగ్జాస్ట్‌ను పట్టుకోదు. నట్టు బిగుతుగానే ఉంటుంది, లీకూ అలాగే ఉంటుంది. అందుకే రెంటినీ జతచేసి ఒకే తలం మీద ఫేసింగ్ చేయించి, వాషరు పడే చోట రెండు ఫ్లాంజిల మందమూ కొలిచి చూసుకోవాలి. సరిగ్గా తిన్నగా ఉన్న స్కేలు అడ్డంగా పెట్టి, కింద 0.15 మి.మీ. ఫిల్లర్ గేజి (సందు కొలిచే పలచటి రేకు) దూరితే నేనైతే గాస్కెట్ మీద నమ్మకం పెట్టుకోను.

ఇంతకీ ఐడ్లింగ్ సంగతి. గాస్కెట్ ఒక్కటే కాబట్టి ఎగ్జాస్ట్ పక్క వదులైతే ఇన్‌లెట్ పక్క కూడా వదులయ్యే అవకాశం ఎక్కువ. అక్కణ్ణుంచి దొంగగాలి లోపలికి పోయి మిక్చర్ పలచనవుతుంది, అంటే గాలి ఎక్కువై పెట్రోలు పాలు తగ్గుతుంది. "లీకుంటే వాల్వులు కాలిపోతాయి" అని పెద్ద మేస్త్రీలు అనే మాటలో నిజం ఈ పలచని మిక్చరే. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే, మేనిఫోల్డు వేడెక్కకముందే, ఇన్‌లెట్ జాయింటు మీద నూనె డబ్బాతో రెండు చుక్కల ఇంజిన్ ఆయిల్ వేయండి. నూనె లోపలికి లాక్కుపోయి ఐడ్లింగ్ మారితే దొంగ దొరికినట్టే. పెట్రోలు, కిరోసిన్ మాత్రం చల్లొద్దు, అంటుకుంటుంది.

పాత ప్యాకింగ్ గీకేటప్పుడు తడిపి గీకండి. ఆ కాలపు వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

అపోహ: "ఇంకో పట్టు బిగిస్తే ఆగిపోతాది."

ఆగదు, స్టడ్డు విరుగుతుంది. ఆ సన్నటి స్టడ్లకు 15 పౌండ్-ఫుట్ టార్క్ (బిగింపు బలం) చాలు. నడుమ నుంచి మొదలుపెట్టి చివరలకు, విడతలుగా బిగించాలి. రెండు మూడుసార్లు వేడెక్కి చల్లారాక ఇంకోసారి టార్క్ చూడాలి. తుప్పుపట్టిన నట్టును మొదటే ఎడమకు లాగకుండా, ముందురోజు తుప్పు వదిలే నూనె పోసి, కాస్త వేడిచేసి, కొంచెం బిగించినట్టే బిగించి వదులు చేయండి. తిరిగి వేసేటప్పుడు ఇత్తడి నట్లు వేస్తే మళ్లీ పట్టేయవు.

అపోహ: "పేస్టు పూస్తే చాలు."

సిలికాన్ సీలెంట్లు సుమారు 300 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. లోడు మీద మేనిఫోల్డులో గ్యాసు 600 డిగ్రీలు దాటుతుంది. ఇక చెప్పేదేముంది?

అపోహ: "లీకు బానెట్ కిందే కదా, లోపల కూర్చున్నోళ్లకేం?"

ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బండి చిన్న గేర్లలో, ఫుల్ లోడు మీద ఉంటుంది. లీకు జోరుగా ఉండేదీ అప్పుడే. వేగం తక్కువ, బయటి గాలి తక్కువ, వాన పడితే అద్దాలూ ఎత్తేస్తారు. వెనక సీటులో పెద్దావిడకు తలనొప్పి, వాంతి వస్తే "మలుపులు పడలేదు" అనుకుంటారు. మలుపులే కావచ్చు. కానీ కార్బన్ మోనాక్సైడ్ లక్షణాలూ అవే; దానికి రంగూ వాసనా లేవు. కారులో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తల పట్టేసి, దిగి గాలి పీల్చుకున్నాక తగ్గితే ఆ బండి కొండ ఎక్కించొద్దు. తల తిరుగుడు తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లాలి. లీకు సరిచేయించేటప్పుడే ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకులో కేబుళ్లు, పైపులు దూరే రంధ్రాల రబ్బర్లు చూడమనండి. పాత బండ్లలో అవి ఎండి పగిలిపోయి ఉంటాయి. కొత్తవి వేయడానికి పెద్ద ఖర్చేం కాదు.