డెంగీ సీజన్‌లో భయం దేనికి పనికొస్తుంది

వీధిలో డెంగీ కేసు వచ్చిందనగానే కలిగే ఆందోళనకు ఒక పని ఉంది. ముప్పు మీద పడకముందే మెదడు మనల్ని సిద్ధం చేస్తుంది. రోజూ చూసీ చూడనట్టు వదిలేసేవి అప్పుడు కంటపడతాయి: కూలర్ అడుగున నీళ్లు, ఫ్రిజ్ వెనక ట్రే, మేడ మీద పాత టైరు.

అయితే ఆ భయానికి చేయదగ్గ పని దొరకాలి. భయపెట్టే ఆరోగ్య ప్రచారాలపై అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కిమ్ విట్టే, మైక్ అలెన్ అనే పరిశోధకులు 2000లో కలిపి విశ్లేషించారు. గట్టి భయంతో పాటు 'ఇది చేస్తే తప్పించుకోగలం' అన్న నమ్మకం కూడా కలిగినప్పుడే జనం అలవాట్లు ఎక్కువగా మారాయి. ఆ నమ్మకం లేకపోతే ముప్పే లేదని కొట్టిపారేయడం, మొహం తిప్పుకోవడం పెరిగాయి.

డెంగీలో చేయదగ్గ పని వారానికోసారి ఉంటుంది. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్డు దోమగా మారడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే, అంటే నిలవ నీళ్లన్నీ ఖాళీ చేసే రోజు, పెట్టుకోమనేది అందుకే. నీళ్లు పారబోస్తే సరిపోదు. తొట్టి గోడకు అంటుకున్న గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ తడి తగిలితే పొదుగుతాయి. లోపలి గోడను పీచుతో రుద్ది కడగాలి. ఈ దోమ కుట్టేది పగలు. రాత్రి దోమతెర కట్టి నిశ్చింతగా ఉండిపోతే పగటి పూట కాళ్లూ చేతులూ దానికి దొరికిపోతాయి.

జ్వరం వచ్చాక ఆందోళన దారి తప్పడం మరీ ఎక్కువ. ఇంటిల్లిపాదీ ప్లేట్‌లెట్ల అంకె చుట్టూ తిరుగుతారు. రక్తస్రావం లేకుండా 10,000 పైన ఉంటే సాధారణంగా ఎక్కించనక్కర్లేదు. అసలు ప్రమాదం రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, బయటికి కారిపోవడం. అది జ్వరం తగ్గే సమయంలో, జబ్బు మొదలైన 3 నుంచి 7వ రోజు మధ్య మొదలై ఒకట్రెండు రోజులు ఉంటుంది. ఇల్లంతా ఊపిరి పీల్చుకునేది కూడా సరిగ్గా అప్పుడే. రిపోర్టులో పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం; ప్లాస్మా కారితే పెరుగుతుంది) పెరుగుతోందా అని డాక్టర్‌ని అడగండి. నొప్పులకు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరానికి పారాసిటమాల్ చాలు, అదీ మోతాదు మించకుండా. ఆగని కడుపునొప్పి, తెరిపి లేని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, 4–6 గంటలుగా మూత్రం రాకపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, థర్మామీటర్ 98.6 చూపిస్తున్నా, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.