అవిసెకు హవాయి చుట్టం: ఓహాయి మీద అపోహలు - వాస్తవాలు

హవాయిలోని ఒవాహు దీవిలో, అక్కడి దేశవాళీ మొక్కలు పెంచే నర్సరీలో పని చేస్తాను. మా దగ్గరికొచ్చే తెలుగువాళ్ళు ఓహాయి కుండీ చూడగానే ఆగిపోతారు. అక్కడే మొదటి అపోహ.

అపోహ: "ఇది మన అవిసె చెట్టే కదండీ!"

వాస్తవం: అవిసె కాదు, దాని చుట్టం. తమలపాకు తోటల్లో తీగకు ఆసరాగా వేసే అవిసె, వరికి ముందు పచ్చిరొట్టగా చల్లే జీలుగ, ఈ ఓహాయి, మూడూ సెస్బేనియా ప్రజాతివే. (షాపుల్లో అమ్మే అవిసె గింజలకీ వీటికీ సంబంధం లేదు.) అవిసె నిటారుగా లేస్తుంది. తీరంలోని ఓహాయి ఇసుకను పట్టుకుని పాకుతుంది. ఆకు మీద వెండి రంగు నూగు, పువ్వు ఎరుపో నారింజో పసుపో. హవాయి దీవుల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు.

అపోహ: "మా వీధి నిండా ఓహాయిలే, అంతరించిపోవడమేంటి?"

వాస్తవం: ఈ మాట స్థానికులే అంటారు. తప్పంతా పేరుది. అక్కడ నిద్రగన్నేరునీ ఓహాయి అంటారు, తురాయి ఓహాయి ఉలా, రత్నగంధి ఓహాయి అలీయి. మూడూ బయటినుంచి తెచ్చినవే.

అపోహ: సుకుమారమైన మొక్క, అందుకే పోతోంది.

వాస్తవం: ఇది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఉప్పుగాలి, మాడ్చే ఎండ, ఉత్త ఇసుక, అన్నీ తట్టుకుంటుంది. తట్టుకోలేనిది మేకల్నీ పశువుల్నీ జింకల్నీ, గింజలు కొరికే ఎలుకల్నీ, కమ్మేసే బయటి గడ్డిని, తీరం మీద తోలే జీపుల్ని. 1994లో అమెరికా దీన్ని అంతరించిపోతున్న జాబితాలో చేర్చింది. ఒవాహు పడమటి కొసన కయెనా పాయింట్ దగ్గర 2011లో చుంచెలుక కూడా దూరలేని జాలీతో కంచె కట్టారు. సముద్రపక్షుల గూళ్ళతో పాటు ఓహాయికీ అది రక్ష. పూలకు పరాగం మోసే దేశవాళీ పసుపుమొహం తేనెటీగల పరిస్థితీ అంతంతే. వాటిలో 7 జాతులు 2016లో అదే జాబితాకెక్కాయి.

అపోహ: గింజ మొలవదు, మొలిచినా రోజూ నీళ్ళు పోయాలి.

వాస్తవం: గింజ పెంకు గట్టిది, అంతే. నేను గోళ్ళ కట్టర్‌తో అంచున చిన్న గాటు పెట్టి రాత్రి నానేస్తాను. లోపలి మొలక భాగానికి తగలకూడదు. పొద్దున్నకు ఉబ్బినవి మట్టిలోకి, ఉబ్బనివి మళ్ళీ కట్టర్ కిందికి. ఇక నీళ్ళంటారా, చేరిన కొత్తలో ప్రేమకొద్దీ రెండు పూటలా పోసి ఒక ట్రే మొత్తం వేరు కుళ్ళు చేశాను. మట్టి ఆరాకే పోయండి.

అపోహ: పెరట్లో పెంచి తీరంలో నాటితే పుణ్యం.

వాస్తవం: వద్దు. దీవిని బట్టి మొక్క తీరే మారుతుంది, కొన్నిచోట్ల నిలువునా పెరుగుతుంది కూడా. ఒక చోటి గింజ ఇంకోచోట కలిస్తే ఆ తేడాలు చెరిగిపోతాయి. అడవి మొక్క నుంచి అనుమతి లేకుండా గింజ కోయడం నేరం. పెంచాలనుంటే నర్సరీలో కొని కుండీలోనో పెరట్లోనో ఉంచుకోండి.

చివరగా, అవిసె పువ్వుల్లా కూర వండుకోవచ్చా అని అడిగే పెద్దమ్మలకు: ఇక్కడివాళ్ళు వీటిని లేయి దండల్లో గుచ్చుతారండీ. నేనైతే ఇంతవరకు పొయ్యి మీదికి ఎక్కించలేదు.