చీనీ తోటలో గీత తప్పని ట్రాక్టర్

అనంతపురం వైపు చీనీ (బత్తాయి) తోట పెట్టడమంటే ఏళ్ల తరబడి సాగే వ్యవహారం. వేరుశనగ పోతే మరుసటేడు ఇంకో పంట వేసుకోవచ్చు, కాపుకొచ్చిన చెట్టును పీకి ఇంకోచోట నాటలేం. ఇక్కడేమో ఒకే చేలో ఒక మూల ఎర్రనేల, కాస్త తవ్వితే గరుసు, ఇంకో మూల సుద్ద. సుద్దలో సున్నం ఎక్కువ కాబట్టి నేలలో ఇనుమున్నా వేరుకు అందదు. లేత ఆకుల్లో ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి, మధ్యభాగమంతా పసుపెక్కుతుంది.

నాలుగు చోట్ల మట్టి తీసి, కలిపి, ల్యాబ్‌కు పంపితే వచ్చేది సగటు లెక్క. ఏ మూల ఏముందో అందులో కనిపించదు. దాన్ని పట్టుకోవడానికి నేల విద్యుత్ వాహకతను, అంటే మట్టిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలిచే సెన్సార్లున్నాయి. వాటిలో ఒక రకం మట్టిని తాకను కూడా తాకదు. దాని తీగచుట్ట అయస్కాంత క్షేత్రంతో మట్టిలో సన్నటి కరెంటు పుట్టించి, దాని బలాన్ని కొలుస్తుంది. బంకమట్టి, తేమ, ఉప్పు పెరిగేకొద్దీ రీడింగ్ పెరుగుతుంది. దగ్గర్లో ఇనుముంటే లెక్క చెడుతుంది, అందుకే ప్లాస్టిక్ బల్ల మీద పెట్టి ట్రాక్టర్‌కు దూరంగా లాగుతారు.

డ్రిప్ తోటలో అసలు చిక్కు వేరే. చెట్ల పక్కన తడి, సాళ్ల మధ్య పొడి. డ్రైవర్ కాస్త పక్కకు జరిగినా రీడింగ్ మారిపోతుంది, మారింది నేల కాదు, నీళ్లు! ప్రతి సాలులోనూ చెట్లకు ఒకే దూరంలో నడిస్తేనే ఒక రీడింగ్‌ను ఇంకోదానితో పోల్చగలం. శాటిలైట్ సిగ్నల్‌తో ట్రాక్టర్‌ను దానంతటదే గీత మీద నడిపించే ఆటోమేటిక్ స్టీరింగ్ విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది.

మామూలు జీపీఎస్ కొన్ని మీటర్లు తప్పుతుంది. ఆ తప్పును సరిదిద్దే ఆర్‌టీకే (రియల్ టైమ్ కైనమాటిక్) పద్ధతిలో, స్థానం కచ్చితంగా తెలిసిన చోట ఒక బేస్ స్టేషన్ పెడతారు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులోని జీపీఎస్ శాటిలైట్ల నుంచి వచ్చే రేడియో తరంగం పొడవు సుమారు 19 సెంటీమీటర్లే. ఆ తరంగం ఏ దశలో అందిందో బేస్ స్టేషన్‌లోనూ ట్రాక్టర్ మీదా కొలిచి పోల్చితే, తప్పు రెండు మూడు సెంటీమీటర్లకు దిగుతుంది. యాంటెన్నా ట్రాక్టర్ కప్పు మీద ఉంటుంది. 3 మీటర్ల ఎత్తులో ఉన్న యాంటెన్నా, ట్రాక్టర్ 5 డిగ్రీలు ఒరిగితే 26 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఆ ఒరుగును కొలిచి సరిచేయడానికి గైరో సెన్సార్ ఉండాలి. సెన్సార్ బల్ల ఎంత వెనక ఉందో ఆ దూరాన్నీ లెక్కలోంచి తీసేయాలి.

ఇంత చేసినా, ఆ రీడింగ్‌లను వాటి స్థానాల్లో రంగులుగా చూపే మ్యాప్ తేడా ఎక్కడుందో చెబుతుందే గానీ, అది చౌడా, బంకమట్టా అన్నది చెప్పదు. రంగు మారినచోటల్లా మట్టి తీసి ల్యాబ్‌కు పంపాల్సిందే. ముదురు తోటల్లో కొమ్మలు శాటిలైట్ సిగ్నల్‌కు అడ్డొస్తాయి. అందుకే వాన పడి నేల కాస్త ఆరాక, నాటే గుంతలు తీయకముందే ఈ పని పెట్టుకోవడం మేలు.