పాటకు పేరుండదు, పల్లవే ఉంటుంది: టెర్మినల్‌లో తెలుగు పాటల సాహిత్యం దొరకని కథ

కాలవలు కట్టేసిన వేసవిలో అమలాపురం దగ్గర మా ఊళ్లో సాయంత్రం వీధరుగు మీద పాటలు పెట్టుకుని కూర్చుంటాం. మొన్న అలాగే ల్యాప్‌టాప్‌లో ఓ పాత పాట మోగుతుంటే మావయ్య అడిగారు: "ఒరేయ్, రెండో చరణంలో ఆ మాటేవిట్రా? నాకు సరిగా అందట్లేదు." టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసి పని చేయించుకునే కిటికీ) తెరిచి, మోగే పాట మాటలు వెతకడానికి నేను రాసుకున్న స్క్రిప్టు (ఆదేశాల చిట్టా) నడిపాను. దొరకలేదంది. స్పెల్లింగు మార్చాను, దొరకలేదు. మూడోసారికి దొరికింది గానీ మొత్తం ఇంగ్లీషు అక్షరాల్లో. మావయ్యకి ఆ అక్షరాలు రావు. "మా రోజుల్లో హాలు గేటు దగ్గర పాటల పుస్తకం కొనుక్కుంటే సరిపోయేది కదరా" అన్నారు.

ఆ పుస్తకంలో ముందు కథాసంగ్రహం, తర్వాత పాటలు. ఒక్కో పాటకీ రాసినవారి పేరు, పాడినవారి పేరు. వెతకాలంటే పల్లవి మొదటి మాట చాలు. అంత తేలికైన పని కంప్యూటర్‌కి ఎందుకు బరువైందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

సాహిత్యం చూపించే స్క్రిప్టు నిజానికి నాలుగైదు వరసలే. ఏ పాట మోగుతోందో ప్లేయర్‌ని అడుగుతుంది, కర్ల్‌తో నెట్‌లోంచి పేజీ తెస్తుంది, సెడ్‌తో అక్కర్లేని ట్యాగులు (పేజీ అమరిక గుర్తులు) కోసేస్తుంది, లెస్ అనే పనిముట్టులో చూపిస్తుంది. మాటలు వెతికే గ్రెప్ 1973 నాటిది, సెడ్ 1974 నాటిది, కర్ల్‌కి ఆ పేరొచ్చింది 1998లో. పనిముట్లు గట్టివే. చిక్కంతా అవి అడిగే ప్రశ్నలో ఉంది: "ఆర్టిస్టు ఎవరు? టైటిల్ ఏమిటి?"

ఆ ప్రశ్న ఇంగ్లీషు పాటకి పుట్టింది. మన సినిమా పాటకి విడిగా పేరుండదు, పల్లవే దాని పేరు. ఫైలుకి పేరు పెట్టేటప్పుడు ఒకరు పల్లవిలో రెండు మాటలు రాస్తే ఇంకొకరు వరసంతా రాస్తారు. ఆర్టిస్టు అంటే పాడినవారా, బాణీ కట్టినవారా, సినిమా పేరా? నా దగ్గరున్న ఫైళ్లలో మూడు రకాలూ ఉన్నాయి. ఎంపీ3కి సమాచారం తగిలించే ఐడీ3 రెండో వెర్షన్‌లో రచయితకి ప్రత్యేకంగా ఓ గడి ఉంది. 1998 నుంచీ ఉన్న ఆ గడి నా ఫైళ్లలో ఒక్కదాంట్లోనూ నిండి లేదు. మాట రాసినవాడి పేరే లేకుండా మాటలు వెతుకుతున్నాం. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

రోమన్ లిపి, అంటే ఇంగ్లీషు అక్షరాల, సంగతి ఇంకా పాతది. అన్ని లిపుల అక్షరాలకీ సంకేతాలిచ్చే యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే, 1991లో, తెలుగుకి చోటు దక్కింది. కానీ ఇళ్లలో కంప్యూటర్ల మీద కనబడడానికి పదేళ్లు పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఫాంటు పేరు గౌతమి. యానాం పక్కనుంచి పారే మా గోదావరి పాయ పేరే! ఈలోగా పైదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ఊరుకోలేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఆర్‌టీఎస్ పద్ధతిలో న్యూస్‌గ్రూపుల్లో (అప్పటి నెట్ చర్చావేదికల్లో) పద్యాలూ పాటలూ ఎక్కించారు. ఆ ఓపికకి దణ్ణం పెట్టాలి. ఆ పద్ధతిలో పెద్ద టీ (T) అంటే 'ట', చిన్న టీ (t) అంటే 'త'. గ్రెప్‌కి పెద్దా చిన్నా తేడా చూడొద్దని చెబితే 'పాట', 'పాత' ఒకటైపోతాయి. తేడా చూడమంటే, పద్ధతి తెలియనివాళ్లు రాసిన పాట దొరకదు. తర్వాత వచ్చినవాళ్లు ఆ క్రమం కూడా వదిలేసి తోచినట్టు రాశారు. 'గోదారి' ఒక్కదాన్నే నేను నాలుగు స్పెల్లింగుల్లో చూశాను.

వెతికే చోట్లూ నిలవలేదు. 1999 జనవరిలో స్విట్జర్లాండ్‌లో పాటల మాటలు అందించే ఇంటర్నేషనల్ లిరిక్స్ సర్వర్ మీద, సంగీత ప్రచురణకర్తల ఫిర్యాదుతో, పోలీసులు దాడి చేశారు. 2006లో మొదలైన లిరిక్‌వికీ అనే పాటల మాటల సైటు ఎన్నో స్క్రిప్టులకి ఆధారమై 2020లో మూతబడింది. హక్కుల మాట న్యాయమైనదే. మన చట్టంలోనూ రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఆ మాటలు ఆయనవే. కాకపోతే సైటు పోయినప్పుడల్లా స్క్రిప్టు మళ్లీ రాసుకోవాల్సిందే.

సరే, తెలుగు లిపిలోనే దొరికిందనుకోండి. టెర్మినల్ పాత టెలిటైపు (తంతి టైపు యంత్రం) వారసురాలు: ఒక్కో అక్షరానికి ఒక్కో గడి. 'స్త్రీ' మన కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు, వాటిని ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. చాలా టెర్మినళ్లు ఇందులోని గుడిదీర్ఘాన్నీ పొల్లులనీ లెక్కలోంచి తీసేసి, మిగిలిన మూడు హల్లులకి మూడు గళ్లు ఇస్తాయి. దాంతో ఒత్తులు విడిపోతాయి, లేదా అక్షరాల మధ్య ఖాళీ మిగులుతుంది. లొకేల్ (భాష, లిపి అమరిక) సరిగా లేకపోతే లెస్ అసలు అక్షరమే చూపించదు, బైట్ల సంఖ్యలు కక్కుతుంది.

అందుకే నేను పద్ధతి మార్చాను. స్క్రిప్టు ముందు నా ఫోల్డర్లో వెతుకుతుంది, ఆ తర్వాతే నెట్‌కి వెళ్తుంది. పాటకో ఫైలు: మొదటి వరస పల్లవి, రెండో వరస రాసినవారు, ఆపైన పాట. టెర్మినల్‌లో చూపించే బదులు చిన్న వెబ్ పేజీ తయారుచేసి బ్రౌజర్లో తెరుస్తుంది. అక్కడ ఒత్తులు చక్కగా కూర్చుంటాయి, అక్షరం ఎంత పెద్దదైనా చేసుకోవచ్చు. అమ్మమ్మ పాడే నాట్ల పాటలు కూడా అందులోకే ఎక్కిస్తున్నాను. రాసినవారి వరసలో ఆమె ఎవరి దగ్గర నేర్చుకుందో రాస్తున్నాను. అవి ఏ సర్వర్లోనూ లేవు.

ఆ సాయంత్రం మావయ్య వింటూ చెప్పారు, నేను తెలుగులో కొట్టాను. రెండో చరణంలో ఆ మాట దగ్గర నాలుగుసార్లు వెనక్కి జరిపి విన్నాం. రోమన్‌లో చూసి నేను 'త' అనుకున్నది 'ట'.