గాలి లైనుకు ఏ పైపు? వర్క్‌షాపుల్లో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

కంప్రెసర్ కొనేటప్పుడు నాలుగు షాపులు తిరిగి బేరమాడతారు. పైపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం సందు చివర శానిటరీ షాపులో ఏది దొరికితే అదే. ప్లంబరు కూడా "ఎన్ని కేజీల పైపు వేయమంటారు?" అనే అడుగుతాడు, అంటే చదరపు సెంటీమీటరుకు ఎన్ని కేజీల ఒత్తిడికి ఆగే పైపు అని. గాలి లైనుకు అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: ఈ పైపు పగిలిన రోజున ఎలా పగులుతుంది?

అపోహ: "పైపు మీద 10 కేజీలని రాసుంది. మా కంప్రెసర్ 8 దగ్గరే ఆగిపోతుంది. ఇంకేం భయం?"

వాస్తవం: ఆ 10 నీళ్ల లెక్క. ఐఎస్ 4985 అనే భారత ప్రమాణం కింద వచ్చే యూపీవీసీ (నీళ్ల లైన్లకు వాడే గట్టి పీవీసీ) పైపు మీద అచ్చేసిన ఒత్తిడి, 27 డిగ్రీల దగ్గర నీటి సరఫరా కోసం చెప్పినది. నీటిని ఎంత ఒత్తినా పెద్దగా కుంచించుకోదు. అందుకే పైపు చిట్లగానే ఒత్తిడి అక్కడికక్కడే పోతుంది, నేల తడుస్తుంది, అంతటితో సరి. గాలి అలా కాదు, నొక్కిపెట్టిన స్ప్రింగు.

లెక్క వేసి చూడండి. లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లున్న పైపు 10 మీటర్లు తీసుకుంటే అందులో 5 లీటర్లు పడుతుంది. 8 బార్ దగ్గర (బార్ అంటే దాదాపు మన కేజీయే) ఆ 5 లీటర్ల నీటిలో దాగి ఉండే శక్తి ఒక జౌల్ కూడా ఉండదు. అదే గాలి అయితే సుమారు 5,000 జౌళ్లు. 50 కేజీల సిమెంటు బస్తా 10 మీటర్ల ఎత్తు నుంచి పడితే వచ్చే దెబ్బ అంత. ఇది పైపు వరకే. దాని వెనక 200 లీటర్ల ట్యాంకు కూడా ఉంటుంది.

పీవీసీకి సాగే గుణం తక్కువ. ఎక్కడో ఒకచోట పగులు మొదలైతే పైపు పొడవునా పరుగెత్తుతుంది, ముక్కలు అంచులు తేరి నలువైపులా ఎగురుతాయి. ఇనుప పైపు పాడైతే ముందు కీలు దగ్గరో, తుప్పు పట్టిన చోటో బుస్సుమని కారుతుంది. చెవికి వినపడుతుంది, బాగు చేసుకునే వ్యవధి ఉంటుంది. పీవీసీ ఆ వ్యవధి ఇవ్వదు.

పైగా మన ఎండలు. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల వేసవిలో నీడలోనే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల షెడ్డులో పైకప్పుకు జానెడు కింద వేలాడే పైపు ఇంకా వేడెక్కుతుంది. 45 దగ్గరికి వచ్చేసరికి యూపీవీసీ బలం దాదాపు సగమే మిగులుతుంది. 60 దాటితే దాన్ని ఒత్తిడి పైపుగా లెక్కలోకే తీసుకోరు. అంటే ఏప్రిల్ మధ్యాహ్నం మీ 10 కేజీల పైపు నిజానికి 5 కేజీల పైపు. అందులో మీరు 8 నింపుతున్నారు.

అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా సంస్థ, నేలలో పూడ్చకుండా పైన వేసే గాలి లైన్లకు పీవీసీ వాడొద్దని 1988లోనే హెచ్చరించింది.

అపోహ: "నాలుగేళ్లుగా వాడుతున్నాం. ఇంతవరకు ఏమీ కాలేదు."

వాస్తవం: ఆ నాలుగేళ్లలో ఆ పైపు ఏం భరించిందో చూడాలి. కంప్రెసర్ 6 దగ్గర మొదలై 8 దగ్గర ఆగుతుంది. పది నిమిషాలకోసారి ఇలా జరిగితే 8 గంటల్లో 48 సార్లు, ఏడాదికి 300 పనిదినాల్లో 14,400 సార్లు, నాలుగేళ్లలో 57,600 సార్లు ఆ పైపు ఉబ్బి తగ్గింది. దాంతోపాటు కిటికీలోంచి పడే ఎండ, కంప్రెసర్ నుంచి వచ్చే నూనె తుంపర, మోటారు అదురు, ఎప్పుడో తగిలిన స్పానర్ దెబ్బ. పీవీసీ వయసుతోపాటు పెళుసు బారుతుంది. ఏమీ కాని ప్రతి ఏడాదీ తర్వాతి ఏడాదికి భరోసా పెంచదు, తగ్గిస్తుంది.

అపోహ: "అయితే సీపీవీసీ వేద్దాం, వేడినీళ్లకే ఆగుతుంది కదా."

వాస్తవం: వేడికి ఆగుతుంది, నిజమే. పగిలే తీరు మాత్రం అదే. పైగా కంప్రెసర్లలో వాడే కొన్ని సింథటిక్ నూనెలు తగిలితే సీపీవీసీకి సన్నని పగుళ్లు పడతాయి. తయారీదారులు కూడా దీన్ని గాలికి వాడొద్దనే రాస్తారు. గోడలో పూడ్చి సిమెంటు చేస్తే సరిపోతుందన్న మాటా ఉంది. పూడ్చినంత మేర ముక్కలు ఎగరవు. కానీ లైను ఎక్కడో గోడలోంచి బయటికి రావాలి, ఆ చివరే మనిషి నిలబడి వాల్వు తిప్పుతాడు.

అపోహ: "ప్లాస్టిక్ అంటేనే గాలికి పనికిరాదు."

వాస్తవం: ఇది రెండో వైపు అతి. లారీల ఎయిర్ బ్రేకు గొట్టాలు నైలాన్‌వే. పనిముట్టు దగ్గర వాడే పీయూ (పాలియురిథేన్) ట్యూబు కూడా ప్లాస్టిక్కే. గాలి కోసమే తయారు చేసే పాలిథీన్, ఏబీఎస్ పైపులున్నాయి. ఇవి తెగితే ముక్కలవ్వకుండా చీలి ఊరుకునేలా చేసినవి. చూడాల్సింది ఒక్కటే: తయారీదారు తన కాగితం మీద "కంప్రెస్డ్ ఎయిర్" అన్న మాట, ఫలానా ఉష్ణోగ్రతకు ఫలానా ఒత్తిడి అన్న పట్టిక ఇచ్చాడా లేదా. పీపీఆర్ (వేడి చేసి అతికించే పాలీప్రొపిలీన్ పైపు) విషయంలోనూ అంతే. కాగితం ఇచ్చిన కంపెనీదైతే 45 డిగ్రీల దగ్గర ఎంత రాశారో చూసి, ఎండ తగలని చోట వేయొచ్చు. షాపువాడి నోటిమాట కాగితం కాదు.

ఏ ప్లాస్టిక్ అయినా కంప్రెసర్ మూతి దగ్గర మాత్రం వద్దు. పిస్టన్ కంప్రెసర్ హెడ్డు నుంచి వచ్చే గాలి వంద డిగ్రీలు సులువుగా దాటుతుంది.

అపోహ: "జీఐ వేసేశాం, ఇక చూసుకోవక్కర్లేదు."

వాస్తవం: జీఐ అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు. దాంతో పగిలే భయం పోయింది, నీళ్ల గొడవ మొదలైంది. వానాకాలంలో తీర ప్రాంతపు గాలిని తీసుకోండి. 30 డిగ్రీలు, 85 శాతం తేమ ఉంటే ఘనమీటరు గాలిలో సుమారు 26 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 5 హెచ్‌పీ కంప్రెసర్ గంటకు 30 ఘనమీటర్లు లాగితే 780 గ్రాములు లోపలికి వెళ్లినట్టు. 7 బార్‌కు నొక్కి మళ్లీ 30 డిగ్రీలకు చల్లారిస్తే గాలి పట్టుకోగలిగేది 115 గ్రాములే. మిగతా 650 గ్రాములకు పైగా నీళ్లయి ట్యాంకులోనో, మీ లైనులోనో చేరతాయి. గంటకు అరలీటరు పైమాటే. రంగు కొట్టేటప్పుడు పడే బొబ్బలు, పనిముట్ల లోపల తుప్పు, రెగ్యులేటరు బిగుసుకుపోవడం అన్నీ ఇక్కడి నుంచే.

అందుకే లైను వేసే తీరు పైపు రకమంత ముఖ్యం. మెయిన్ లైను గాలి వెళ్లే దిశగా మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున కిందికి వాలాలి. ప్రతి టీ (మెయిన్ నుంచి కొమ్మ లైను తీసే మూడు నోళ్ల కీలు) కొమ్మ నోరు పైకి ఉండాలి. అక్కడి నుంచి పైపు హంస మెడలా వంగి కిందికి దిగాలి. టీ నోరు కిందికి పెడితే మెయిన్‌లో పారే నీళ్లన్నీ నేరుగా మీ స్ప్రే గన్‌లోకే. దిగిన పైపును కప్లింగు దగ్గర ఆపకుండా ఇంకో అడుగు కిందికి పోనిచ్చి, చివర అరంగుళం బాల్ వాల్వు పెట్టాలి. రోజూ పొద్దున దాన్ని, ట్యాంకు కింది వాల్వును తిప్పి నీళ్లు వదలాలి.

పైపు ఐఎస్ 1239లోది తీసుకోండి. పసుపు పట్టీ ఉంటే పల్చనిది (ఏ క్లాసు), నీలం మధ్యరకం (బీ), ఎరుపు మందం (సీ). 8 బార్‌కు బీ సరిపోతుంది. సీ తీసుకుంటే మరలు కోసిన చోట తుప్పుకు ఎక్కువ కాలం ఆగుతుంది, ఎందుకంటే మర కోసిన చోట జింకు పూత ఉండదు. టెఫ్లాన్ టేపు మర తిరిగే దిశలోనే మూడు నాలుగు చుట్లు చుట్టి, మొదటి మరను ఖాళీగా వదలండి. లేకపోతే టేపు పీలికలు తెగి పోయి వాల్వుల్లో ఇరుక్కుంటాయి. జీఐ లోపలి జింకు పూత కూడా కొన్నాళ్లకు పొట్టులా రాలుతుంది. కాబట్టి పెయింటు బూత్ ముందు ఫిల్టరు తప్పదు. ట్యాంకుకూ లైనుకూ మధ్య అల్లిక ఉన్న ఫ్లెక్సిబుల్ గొట్టం ఒకటి పెట్టకపోతే అదురుకు మొదటి మర దగ్గరే పగులుతుంది. క్లాంపులు అంగుళం పైపుకు రెండు, రెండున్నర మీటర్లకొకటి.

డబ్బు పెట్టగలిగితే అల్యూమినియం లైను హాయి. తుప్పు ఉండదు, రెంచీ లేకుండా బిగుస్తుంది, రేపు మిషను జరిపితే లైనూ జరపొచ్చు. రాగి కూడా మంచిదే, కీళ్లు మెత్తని టంకంతో కాకుండా బ్రేజింగ్‌తో వేస్తే. రాత్రిపూట దొంగల భయం మాత్రం రాగికే ఎక్కువ.

అపోహ: "సన్న పైపు వేస్తే ప్రెషర్ పెరుగుతుంది."

వాస్తవం: తోటకు నీళ్లు పట్టేటప్పుడు పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు దూరం చిమ్ముతాయి. ఈ అపోహ అక్కడిదే. అక్కడ పెరిగేది మూతి దగ్గరి వేగం. పొడవాటి సన్న పైపులో మాత్రం ఒత్తిడి దారిలోనే అరిగిపోతుంది. అదే గాలిని పంపితే ఒత్తిడి నష్టం వ్యాసపు అయిదో ఘాతానికి విలోమంగా మారుతుంది. అంగుళానికి బదులు అరంగుళం వేస్తే, జీఐ పైపుల అసలు లోపలి కొలతల ప్రకారం నష్టం సుమారు 14 రెట్లు. పనిముట్టు ఆపి ఉన్నప్పుడు గేజీ 7 చూపిస్తుంది, ఇంపాక్ట్ రెంచీ ట్రిగ్గర్ నొక్కగానే 4కు పడుతుంది. అప్పుడు కంప్రెసర్ కటాఫ్ (మోటారు ఆగే ఒత్తిడి) పెంచడం అలవాటైపోయింది. తప్పు పైపుది, పెనాల్టీ కరెంటు బిల్లుది. 5 హెచ్‌పీకి, 30 మీటర్ల లోపు లైనుకు ముప్పావు అంగుళం, 10 హెచ్‌పీకి అంగుళం వేయండి.

అపోహ: "కంప్రెసర్ ఫుల్ చేసి గాలితోనే టెస్ట్ చేస్తే సరి."

వాస్తవం: బలం పరీక్ష నీళ్లతోనే. ట్యాంకు, రెగ్యులేటర్లు, గొట్టాలు విడదీసి, కింది చివర నుంచి నీళ్లు నింపుతూ పైచివర గాలి మొత్తం పోనిచ్చి, చేతి పంపుతో 12 బార్ వరకు ఎక్కించి అరగంట ఉంచాలి. పని ఒత్తిడి 8కి ఒకటిన్నర రెట్లు అన్నమాట. (పీవీసీ ఈ పరీక్షలో నెగ్గినా గాలికి పనికొచ్చినట్టు కాదు.) తర్వాత నీళ్లు దించి, 2 బార్ గాలితో ఊది, సబ్బు నీళ్లతో కీళ్లన్నీ చూడాలి.

వాడకం మొదలయ్యాక భోజనాల వేళ మోటారు ఆపి, పనిముట్లు విప్పి, గేజీ చూసి వెళ్లండి. 200 లీటర్ల ట్యాంకు, 20 లీటర్ల లైను ఉన్నచోట అరగంటలో 8 నుంచి 7కు పడితే కారుతున్నది నిమిషానికి ఏడు లీటర్లు, పర్వాలేదు. 5కు పడితే 22 లీటర్లు. అప్పుడు సబ్బు డబ్బా ముందు గొట్టాల చివరి క్విక్ కప్లింగుల దగ్గరికి పట్టుకెళ్లండి, లీకులు ఎక్కువగా ఉండేది అక్కడే.